బల్ల దగ్గరికి వెళ్లి అడగొద్దు

ప్రశ్న: ఆఫీసు పని మీద బ్యూనస్ ఎయిర్స్‌లో ఉంటున్నాను. క్లాసులో నేర్చుకున్న టాంగో స్టెప్పులు మిలోంగాలో (అందరూ చేరి టాంగో ఆడేచోట) వేస్తే గుర్రుగా చూస్తున్నారు, బల్ల దగ్గరికెళ్లి డాన్స్‌కి రమ్మంటే ఒకావిడ మొహం తిప్పేసుకుంది. తప్పెక్కడ?

జవాబు: బల్ల దగ్గరికి వెళ్లడమే తప్పు. పాతకాలపు మిలోంగాల్లో పిలుపంతా కళ్లతోనే, దాన్నే కబెసేయో అంటారు: దూరం నుంచే చూపు కలపాలి, ఆవిడ చూపు నిలిపితే తల కాస్త ఊపాలి, తిప్పేసుకుంటే ఊరుకోవాలి, నలుగురిలో ఎవరి పరువూ పోదు. ఇక స్టెప్పులంటారా, కిక్కిరిసిన ఫ్లోర్ మీద అందరూ గడియారానికి ఎదురు దిశలో కదులుతుంటే, మీరు మీ జోడీ కాలు గాల్లోకి లేచేలా తిప్పితే ఆ హీల్ వెనకవాళ్ల పిక్కకే తగులుతుంది మరి! అలాంటిచోట ఛాతీలు ఆనించి చిన్న అడుగులేసే మిలోంగెరో పద్ధతే నయం. స్టేజీ విన్యాసాలు స్టేజీకే. మూడు నాలుగు పాటలు కలిస్తే ఒక తాండా, అది పూర్తయ్యేదాకా జోడీని వదలకండి, మధ్యలో మర్యాదకైనా ‘గ్రాసియాస్’ (థాంక్స్) అనకండి, ఇక చాలన్నట్టు వింటారు.