2147483647ను పరిశీలించబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

2147483647 ప్రధాన సంఖ్య అని కంప్యూటర్ రెప్పపాటులో తేల్చేసిందనీ, ఇక దాని మీద వ్యాసం రాయడానికి ఏం మిగిలిందనీ అడిగావు. కంప్యూటర్ నీకిచ్చినది తీర్పు. వ్యాసానికి కావలసినది కారణం. అందుకని భాగహారానికి దిగేముందు ఆ సంఖ్య రూపాన్ని చూడు. దానికి 1 కలిపితే 2 యొక్క 31వ ఘాతం వస్తుంది, అంటే 0, 1 అంకెలతోనే రాసే ద్విసంఖ్యామానంలో అది వరుసగా 31 ఒకట్లు. ఇటువంటి రూపం గల ప్రధాన సంఖ్యలనే మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు.

రూపం తెలియకపోతే వర్గమూలం పూర్ణభాగమైన 46340 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో, అంటే నాలుగు వేలకు పైగా వాటితో, భాగించి చూడాలి. 1772 నాటికి గణితవేత్త ఆయిలర్ ఈ శ్రమను ఎంతో తగ్గించాడు. మన సంఖ్యను ఏదైనా ప్రధాన సంఖ్య భాగిస్తే, ఆ ప్రధాన సంఖ్యను 62తో భాగించినప్పుడు శేషం 1 రావాలి, 8తో భాగించినప్పుడు 1 గాని 7 గాని రావాలి. ఈ రెండు షరతులనూ కలిపితే 248తో భాగించగా 1 లేక 63 మిగిలే సంఖ్యలే బరిలో ఉంటాయి. వాటిలో మొదటి ప్రధాన సంఖ్య 311. దానితో నీ చేత్తోనే భాగించు, శేషం 35 వస్తుంది. ఈ రెండు షరతులు ఎందుకు వస్తాయో నీవే నిరూపించి రాయి. వ్యాసానికి ప్రాణం అక్కడే ఉంది.

ఒక గొయ్యి గురించి ముందే చెబుతాను, చదువుకునే రోజుల్లో నేను అందులో పడ్డాను గనుక. 2 ఆధారంగా ఫెర్మా పరీక్ష చేసి, అంటే 2ను 2046వ ఘాతానికి హెచ్చించి 2047తో భాగించి, శేషం 1 వచ్చిందని 2047ను ప్రధాన సంఖ్యగా రాసేశాను. తీరా చూస్తే అది 23, 89ల లబ్ధం. ఘాతాంకం ప్రధాన సంఖ్య అయితే చాలు, ఈ రూపంలోని ప్రతి సంఖ్యా ఆ పరీక్షలో నెగ్గుతుంది, కాబట్టి ఇక్కడ 2 ఇచ్చే సాక్ష్యానికి విలువ లేదు.

దానికి బదులు 7ను తీసుకో. మన సంఖ్య నుంచి 1 తీసివేస్తే వచ్చే 2147483646ను 2, 3, 7, 11, 31, 151, 331 అనే ఏడు ప్రధాన సంఖ్యలు మాత్రమే భాగిస్తాయి (3 రెండుసార్లు). 7ను 2147483646వ ఘాతానికి హెచ్చించి మన సంఖ్యతో భాగిస్తే శేషం 1 రావాలి. ఆ ఘాతాంకాన్ని పై ఏడింటిలో ఒక్కొక్కదానితో భాగించి, వచ్చిన ఘాతానికి 7ను హెచ్చించినప్పుడు మాత్రం శేషం ఎన్నడూ 1 రాకూడదు. అలా జరిగితే నిరూపణ పూర్తయినట్లే. 7 యొక్క ఘాతాల శేషాలు 1కి తిరిగి వచ్చేలోపు 1 నుంచి 2147483646 వరకు ప్రతి సంఖ్యనూ ఒక్కొక్కసారి తాకుతాయన్నమాట. యాదృచ్ఛిక సంఖ్యలను పుట్టించే ఒక ప్రసిద్ధ పద్ధతిలో 7 యొక్క 5వ ఘాతమైన 16807ను గుణకంగా వాడడానికి ఆధారం ఇదే.

పరిపూర్ణ సంఖ్యతో (తనకన్నా చిన్నవైన తన భాజకాల మొత్తానికి సమానమైన సంఖ్యతో) మన సంఖ్యకున్న సంబంధాన్ని ఒక్క వాక్యంలో ముగించు; అది అందరూ రాసేదే.

ఘాతాలు లెక్కించేటప్పుడు ప్రతి గుణకారం తరువాత భాగహారం చేయనక్కరలేదు. ద్విసంఖ్యామానంలో లబ్ధం చివరి 31 అంకెలకు వాటి ముందున్న అంకెల భాగాన్ని కలుపు, మొత్తం మన సంఖ్య కన్నా ఎక్కువైతే దాన్ని ఒకసారి తీసివేయి. ఏడు శేషాలూ నాకు పంపు. 2కు సంబంధించినది 2147483646 రాకపోతే, పంపేముందే లెక్కను మళ్లీ చూసుకో.

మీ మామయ్య