అమ్మడూ, కొలిమి క్లాసులు మొదలెట్టే ముందు ఇది చదువు

అమ్మడూ,

హైదరాబాద్‌లో షెడ్డు అద్దెకి తీసుకుని శని ఆదివారాలు కమ్మరం క్లాసులు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మనింటి పిల్ల కొలిమి దగ్గర నిలబడి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి సమ్మెట పట్టడం నేర్పుతుందంటే ఎంత సంతోషమేసిందో, ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మామూలువి ముందు చెప్పేస్తా. కాటన్ బట్టలు, బూట్లు, కళ్ళద్దాలు, జుట్టు ముడి. షెడ్డు తలుపులు తీసే ఉంచు, బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు. జీఐ పైపు, అంటే జింక్ పూత ఉన్న ఇనప పైపు, ముక్క ఒక్కటి కూడా నిప్పులో పడకూడదు, ఆ జింక్ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరమే. దాగలికని, అదే ఇనుము పెట్టి కొట్టే దిమ్మకని, రైలు పట్టా ముక్క చవగ్గా ఇస్తానని ఎవడైనా వస్తే బిల్లు లేకుండా ముట్టుకోకు, దొంగ రైల్వే సామాను మన దగ్గర దొరికితే 1966 చట్టం కింద కేసవుతుంది. పాత ఇనప సామాన్ల కొట్లో మందపాటి దిమ్మ వెతుక్కో, చాలు.

ఫీజు తగ్గించడానికి బ్యాచ్‌కి పదిహేను మందిని తీసుకుంటానన్నావంట, అక్కడే నాకు కోపమొచ్చింది. ఖర్చు ఇనుములో తగ్గించు, జాగాలో కాదు. మొదటి రోజు 8 ఎంఎం రాడ్డు అడుగు ముక్కతో కొక్కెం చేయించు. అందరూ కత్తి కత్తి అంటారు, ఒప్పుకోకు, కత్తికని లారీ కమాన్ కట్ట కాల్చి నీళ్ళలో ముంచితే పగుళ్ళొస్తాయి, నూనెలో పదును పెట్టడం తర్వాత నేర్పొచ్చు. కొలిమికి ఇద్దరే, ఒకరి ముక్క కాలుతుంటే ఇంకొకరు కొడతారు, దాగలి ఒకటే సరిపోతుంది. మూడు కొలిములు, ఆరుగురు, అంతే.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, నువ్వు పుట్టకముందు ఒక ఏరువాకకి మన కొలిమి దగ్గర జనం కిటకిటలాడుతున్నారు, అందరికీ నాగలి కర్రులు ఆ పూటే కావాలి. మీ నాన్న సాగగొట్టిన కర్రు ఎరుపు పోగానే పక్కన నేల మీద పడేసి ఇంకోటి అందుకునేవాడు. జాగా లేదని నేను అంటూనే ఉన్నా, వినలేదు. ఒక రైతు కొడుకు, పదేళ్ళుంటాయేమో, అది తమదే అనుకుని చేత్తో పట్టుకున్నాడు. ఎర్రగా ఉంటే ఎవరూ ముట్టుకోరమ్మా, నల్లబడ్డాక కూడా 400 డిగ్రీలుంటుందని ఆ పిల్లాడికేం తెలుసు. ఎవరో పరిగెత్తుకొచ్చి పేస్టు పూశారు, ఇంకెవరో సిరా పోశారు, అరచెయ్యి ముడుచుకుపోయింది. ఆ ఏడాదంతా మీ నాన్న వాళ్ళ పనిముట్లకి డబ్బులు తీసుకోలేదు, వాళ్ళ వీధిలోంచి వెళ్ళడం కూడా మానేశాడు. నీకు చెప్పి ఉండడు, వాడికి ఆ మాట నోట్లోంచి వచ్చేది కాదు.

అందుకే చల్లారే ఇనుముకి ఒకటే చోటు, ఇసుక తొట్టి, చుట్టూ ఎర్ర పెయింటు. ఏ ముక్కనైనా పట్టుకునే ముందు అరచెయ్యి కాకుండా చేతి వెనక వైపు దగ్గర పెట్టి సెగ చూడాలి, తొలి గంట ఇదే నేర్పు. కాలితే వెంటనే పారే నీళ్ళ కింద 20 నిమిషాలు, ఐసు వద్దు, పేస్టు వద్దు, తర్వాత ఆస్పత్రి.

దాగలి ఎత్తు, చెయ్యి వేలాడేస్తే పిడికిలి దాకా రావాలి. పొట్టివాళ్ళకి కాళ్ళ కింద చెక్క వెయ్యి. నువ్వు కూడా చిన్నప్పుడు పీటెక్కి తిత్తి లాగేదానివి, దించితే ఏడుపు.

పట్టకార్లు కొనకు, నా దగ్గరున్నవాటికి రివిట్లు బిగించి బస్సు పార్సిల్లో వేస్తున్నా. మొదటి బ్యాచ్ డేటు చెప్పు, నేనొచ్చి ఆ తొట్టి దగ్గరే ఉంటా.

మీ పెదనాన్న