వేరే దేశాల టీమ్‌లను నడిపే మేనేజర్ కావాలంటే ముందుగా ఏం నేర్చుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కొన్నేళ్లుగా టీమ్ లీడ్‌గా చేస్తున్నారు, ఇకపై వేరే దేశాల టీమ్‌లను కూడా చూసే మేనేజర్ స్థాయికి వెళ్లాలనుంది. దానికి ఎంబీఏ చెయ్యాలా, ఇంగ్లిష్ మెరుగుపరుచుకోవాలా, లేక ఏదైనా లీడర్‌షిప్ కోర్సులో చేరాలా?

నేను పారిశ్రామిక యంత్రాలు తయారుచేసే కంపెనీలో ప్రాజెక్టులు చూస్తాను. డిజైన్ ఒక దేశంలో జరుగుతుంది, విడిభాగాలు ఇంకో దేశం నుంచి వస్తాయి, యంత్రాన్ని బిగించేది మూడో దేశంలో. ఈ పనిలో చాలా ఏళ్లు గడిపాక నాకు గట్టిగా అనిపించేది ఒక్కటే. దూరంగా ఉన్న మనిషి చెడు కబురును ఆలస్యం చెయ్యకుండా మీకు చెప్పాలి. అలా చెప్పించుకోగలగడమే ఈ ఉద్యోగంలో అసలు నైపుణ్యం. ఒకే ఆఫీసులో ఉంటే ఎవరి ముఖం వాడిపోయిందో, ఎవరు రాత్రి దాకా కూర్చుంటున్నారో మనకే తెలిసిపోతుంది. దూరం నుంచి అవేవీ కనబడవు. వాళ్లు ఏం రాసి పంపితే అదే మనకు తెలిసిన నిజం.

ఒక సందర్భం చెబుతాను. జపాన్‌లోని ఒక సప్లయర్‌తో ప్రతి వారం జరిగే కాల్. షీట్‌లో అన్ని వరుసలూ పచ్చగానే ఉన్నాయి, అంటే అన్నీ అనుకున్నట్టే సాగుతున్నాయని. ఒక కాస్టింగ్ (కరిగించిన లోహాన్ని అచ్చులో పోసి చేసే భాగం) దగ్గరకు వచ్చేసరికి వాళ్ల ఇంజనీరు "ఆ తేదీ గురించి లోపల ఇంకాస్త చూసుకుంటున్నాం" అని ఒక్క క్షణం ఆగారు. మా వైపు వాళ్లంతా తర్వాతి వరుసకు వెళ్లిపోయారు. నాకు ఆ ఆగడం దగ్గరే అనుమానం వచ్చింది, కానీ కాల్‌లో అడగలేదు. అంతమంది వింటుండగా, తన పై అధికారి పక్కనే కూర్చుని ఉండగా ఆయన ఏం చెబుతారు? కాల్ ముగిశాక విడిగా ఫోన్ చేశాను. "తేదీకి ఇవ్వగలరా?" అని అడగలేదు. "ఆ భాగం ఇప్పుడు ఏ దశలో ఉంది? తర్వాత ఏ టెస్ట్? అందులో ఫెయిలైతే మళ్లీ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?" అని అడిగాను. మొదటి బ్యాచ్‌లో లోహం లోపల గాలి బుడగలు కనబడ్డాయని, అచ్చు సరిచేస్తున్నారని అప్పుడు చెప్పారు. సమయం ఉండగానే తెలిసింది కాబట్టి సైట్‌లో బిగించే క్రమం మార్చుకున్నాం, ఆ భాగం అవసరం లేని పనులు ముందుకు జరిపాం.

"అవుతుందా?" అని అడిగితే చాలాచోట్ల మర్యాద కోసమైనా "అవుతుంది" అనే జవాబే వస్తుంది. ఒక్క జపాన్‌లోనే కాదు, అన్నిచోట్లా అంతే. పని ఎంతవరకు వచ్చిందో, ముందు ఏముందో అడిగితే ఎదుటివాళ్లు తమ పరువు పోగొట్టుకోకుండానే నిజం చెప్పగలుగుతారు. ఈ ప్రశ్నలు వెయ్యడం మీరు ఇప్పుడున్న టీమ్‌లోనే, రేపటి నుంచే సాధన చెయ్యొచ్చు.

చెడు కబురు వచ్చినప్పుడు మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట కూడా అంతే ముఖ్యం. "ఇంతవరకు ఎందుకు చెప్పలేదు?" అన్నారంటే రెండోసారి ఆ మనిషి నుంచి ఏ కబురూ రాదు. నేను ముందు థాంక్స్ చెబుతాను, వెంటనే "కస్టమర్‌కు ఎప్పటిలోగా చెప్పాలి, మీకు నా నుంచి ఏం కావాలి?" అంటాను. కారణాల విచారణ తర్వాత, విడిగా. హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి బృందాల్లో మందుల విషయంలో జరిగే పొరపాట్లను పరిశీలించినప్పుడు, బాగా పనిచేసే బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదైనట్టు తేలింది. వాళ్లు ఎక్కువ పొరపాట్లు చేస్తున్నారని కాదు, భయం లేకుండా బయటపెడుతున్నారన్నది ఆమె ఇచ్చిన వివరణ. నేను ఎప్పుడూ పచ్చగా ఉండే రిపోర్టులను ఎక్కువ జాగ్రత్తగా చదవడానికి కారణం ఇదే.

సంస్కృతుల గురించి చదవాలా అంటే, చదవండి. కానీ ఎలా వాడాలో తెలిసి చదవండి. గీర్ట్ హాఫ్‌స్టెడ్ అనే డచ్ పరిశోధకుడు 1967-73 మధ్య ఐబీఎం ఉద్యోగుల నుంచి వివిధ దేశాల్లో సేకరించిన లక్షకు పైగా సర్వే పత్రాల ఆధారంగా దేశాలను పోల్చాడు. పై అధికారికి, కింది ఉద్యోగికి మధ్య ఎంత దూరాన్ని సహజంగా తీసుకుంటారన్నది ఆయన కొలతల్లో ఒకటి. తర్వాత గ్లోబ్ అనే అధ్యయనం 62 సమాజాల్లో సుమారు 17,000 మంది మేనేజర్లను అడిగి, నిజాయితీ, ముందుచూపు లాంటి గుణాలను దాదాపు అన్నిచోట్లా మంచి నాయకుడి లక్షణాలుగానే చూస్తారని చెప్పింది. ఇవి పనికొచ్చే విషయాలే. అయితే ఇవన్నీ సగటు లెక్కలు. మీ ఎదురుగా ఉన్న బ్రెజిల్ ఇంజనీరు ఎలాంటి మనిషో ఏ పట్టికా చెప్పదు. నేను కొత్తవాళ్లతో పని మొదలుపెట్టేటప్పుడు నేరుగా అడిగేస్తాను: సమస్య వస్తే ఫోన్ చేస్తారా, మెయిల్ రాస్తారా? మీ బాస్‌కు ముందు చెప్పాలా, నాకు చెప్పొచ్చా? మీటింగ్‌లో అభ్యంతరం చెప్పడం మీకు ఇబ్బందా? వీటికి జవాబిచ్చిన ప్రతి ఒక్కరూ, ఇలా అడిగినందుకు సంతోషించినవాళ్లే.

ఇక చిన్నవిగా కనిపించే విషయాలు. ఇవే నమ్మకాన్ని నిలబెడతాయి, లేదా పడగొడతాయి. అమెరికాలో వేసవి వేళల కోసం మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుగుతుంది, యూరప్‌లో మార్చి చివరి ఆదివారం. జపాన్‌లో అసలు మార్చరు. ఆ మధ్య రెండు మూడు వారాలు రోజూ జరిగే కాల్ ఎవరో ఒకరికి గంట అటూ ఇటూ అవుతుంది. దీన్ని ముందే సరిచేసి పంపే మేనేజర్ అంటే అవతలివాళ్లకు గౌరవం కలుగుతుంది. సౌదీ అరేబియాలో వారాంతం శుక్ర, శనివారాలు. పక్కనే ఉన్న యూఏఈలో 2022 జనవరి నుంచి ప్రభుత్వ కార్యాలయాలు శని, ఆదివారాలకు మారాయి. గల్ఫ్ మొత్తాన్ని ఒకటిగా చూసి గురువారం సాయంత్రం అర్జెంటు మెయిల్ పెడితే రియాద్‌లో దాన్ని చదివేది ఆదివారమే. రాత్రి కాల్స్ భారం ఎప్పుడూ ఒకే టీమ్ మీద పడకుండా సమయాన్ని వంతుల వారీగా మార్చండి. మీకు ఇబ్బందైన వేళ మీరే ముందు తీసుకోండి.

చట్టాలు కూడా ఇంతే. జర్మనీలో వర్క్స్ కౌన్సిల్ (ఉద్యోగులు ఎన్నుకునే ప్రతినిధుల సంఘం) ఉన్న సంస్థలో ఓవర్‌టైమ్ పెట్టాలంటే దాని ఒప్పుదల కావాలి. ఒకరిని ఉద్యోగం నుంచి తీసెయ్యాలంటే ముందుగా దాని అభిప్రాయం వినాలి, వినకపోతే ఆ తొలగింపు చెల్లదు. "ఈ శనివారం అందరూ వచ్చేయండి" అని అక్కడి సహోద్యోగికి మెయిల్ పెడితే ఆయన కుదరదంటాడు. అది సహకరించకపోవడం కాదు. ఏ దేశంతో పని మొదలుపెట్టినా అక్కడి హెచ్‌ఆర్‌తో ఒక గంట కూర్చోండి, నా చేతిలో ఏ నిర్ణయాలు ఉన్నాయి, ఏవి లేవు అని అడగండి.

ఇంగ్లిష్ సంగతికొస్తే, యాస గురించి టెన్షన్ అనవసరం. మీ టీమ్‌లో సగం మందికి అది రెండో భాషో మూడో భాషో అయి ఉంటుంది. చిన్న వాక్యాలు, జాతీయాలు లేని మాటలు, కాస్త నిదానం, ఇవి చాలు. రాయడం మీదే ఎక్కువ శ్రమ పెట్టండి. మీటింగ్ అయిన రోజే నాలుగు వరుసలు పంపడం అలవాటు చేసుకోండి: ఏం నిర్ణయించాం, ఎవరు చేస్తారు, ఎప్పటికి, ఏది ఇంకా తేలలేదు. ఆ నాలుగో వరుస చాలామంది రాయరు. గొడవలన్నీ అక్కడి నుంచే వస్తాయి.

ఎంబీఏ చెడ్డదేమీ కాదు. ఫైనాన్స్ పునాది లేనివాళ్లకు, పరిశ్రమ మారాలనుకునేవాళ్లకు బాగా ఉపయోగపడుతుంది. కానీ మీరు చెప్పిన స్థితిలో నేనైతే ముందు దానికి డబ్బు పెట్టను. మీ కంపెనీలోనే రెండు దేశాలను కలిపే పని ఏదో ఒకటి ఉంటుంది: సాఫ్ట్‌వేర్ మార్పిడి, ఆడిట్, సప్లయర్ మార్పు, కస్టమర్ ఫిర్యాదుల పరిష్కారం. ఎవరూ ఇష్టంగా తీసుకోని పని అయినా ఫరవాలేదు. అందులో మీకు రిపోర్ట్ చెయ్యని మనుషులతో పని చేయించాల్సి వస్తుంది, హోదా ఉపయోగపడదు. వాళ్లకు ఈ పని వల్ల ఏం లాభమో, ఏం భారమో ముందే విడివిడిగా మాట్లాడి తెలుసుకోవాలి. పెద్ద నిర్ణయమేదైనా మీటింగ్‌లో మొదటిసారి బయటపెట్టకూడదు.

వచ్చే రివ్యూలో మీ మేనేజర్‌ని "నాకు ఇంటర్నేషనల్ రోల్ కావాలి" అని అడక్కండి. ఫలానా పని, ఫలానా దేశం, ఆరు నెలలు, నా ఇప్పటి పని తగ్గకుండా ఇలా చూసుకుంటాను అని ఒక పేజీ రాసి తీసుకెళ్లండి. అవతలి దేశంలో ఆ పని చూస్తున్న మనిషితో ముందే మాట్లాడి, ఆయనకు మీ సాయం ఎక్కడ కావాలో ఆ పేజీలో రాయగలిగితే "సరే" అనడం మీ మేనేజర్‌కు చాలా తేలికవుతుంది.