నాన్న అలారం మోగింది, మేం నవ్వేశాం

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కిందటి నెల ఒక ఉత్తరానికి జవాబు రాస్తూ, పోయిన మనిషిని తల్చుకుని నవ్వడం తప్పు కాదని ఒక్క వాక్యం రాశాను. ఆ వాక్యం మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ సంగతికే ఇచ్చేస్తున్నాను. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం చెబుతున్నాను. నేను పంతొమ్మిదేళ్లు పాలియేటివ్ కేర్ వార్డులో నర్సుగా చేశాను. జబ్బు ఇక నయం కాదని తెలిసినవాళ్లకి నొప్పి, ఆయాసం, భయం తగ్గించడమే అక్కడ పని. ఇప్పుడు అయినవాళ్లని పోగొట్టుకున్నవాళ్లతో కూర్చుని మాట్లాడే పని చేస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మా నాన్న పోయి మూడు నెలలైంది. ఆయనకి మతిమరుపు. ప్రతిదానికీ ఫోన్లో అలారం పెట్టుకునేవారు, దానికి తన గొంతే రికార్డు చేసుకునేవారు. ఆయన పోయిన ఆరో రోజు చుట్టాలంతా హాల్లో మాటా పలుకూ లేకుండా కూర్చున్నారు. సాయంత్రం నాలుగింటికి అలమారలోంచి నాన్న గొంతు వినపడింది: "కళ్లజోడు నెత్తి మీదే ఉంది, చూసుకో!" నేనూ తమ్ముడూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇక నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాం. మా మేనత్త లేచి, "తండ్రి పోయి వారం కాలేదు, నవ్వెలా వస్తోందే మీకు?" అని వెళ్లిపోయింది. అప్పట్నుంచీ మాతో మాట్లాడటం లేదు. నాకు నిద్ర పట్టడం లేదు. నాన్నంటే నిజంగా ప్రేమ ఉన్నవాళ్లం అలా నవ్వుతామా?
ఒక కూతురు

జవాబు: నవ్వుతారమ్మా. ప్రేమ ఉన్నవాళ్లే అలా నవ్వుతారు. ఆ అలారం ఇంకెవరింట్లో మోగినా అది ఉత్త అలారమే. కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికిన మనిషి మీ కళ్ల ముందు మళ్లీ నిలబడ్డాడు కాబట్టి మీకు నవ్వొచ్చింది. ఆ గదిలో అంతమంది ఉన్నా, ఆ నిమిషంలో ఆయన దగ్గరికి వెళ్లి వచ్చింది మీరిద్దరే.

నా సంగతి చెబుతాను. మా ఆయన పోయి ఎనిమిదేళ్లు. మా పడగ్గది స్విచ్ బోర్డులో ఏది ఫ్యానుదో ఏది లైటుదో నాకు ఎప్పుడూ తెలిసేది కాదు. ఆయన విసుగెత్తిపోయి చిన్న కాగితం ముక్క మీద "ఇది కాదు, పక్కది" అని రాసి ఒక స్విచ్ పైన అంటించారు. ఆయన పోయిన మర్నాడు తెల్లవారుజామున చీకట్లో లేచి చెయ్యి పెట్టాను. ఫ్యాను తిరిగింది. పక్క స్విచ్ నొక్కి లైటు వేసి చూస్తే కళ్లెదురుగా ఆయన రాత. "ఇది కాదు, పక్కది." గట్టిగా నవ్వాను, ఒక్కదాన్నీ. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో నాకే తెలీదు. మీరు ఉత్తరంలో రాయలేదు గానీ, మీ నవ్వు కూడా చివరికి అటే తిరిగి ఉంటుందని నా నమ్మకం. ఆ కాగితం అంచులు పసుపుపచ్చగా మారాయి, ఒక మూల ఊడింది కూడా. నేను తీయలేదు.

దీని మీద పరిశోధన కూడా జరిగింది. డాకర్ కెల్ట్‌నర్, జార్జ్ బొనానో అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు 1997లో ప్రచురించారు. భర్తనో భార్యనో పోగొట్టుకుని సుమారు ఆర్నెల్లు గడిచినవాళ్లని కూర్చోబెట్టి, పోయిన మనిషి గురించి మాట్లాడమన్నారు. ఆ వీడియోల్లో వాళ్ల మొహాలని ఒక్కో క్షణం పరిశీలించారు. మర్యాద కోసం నవ్వే నవ్వు పెదాల దగ్గరే ఆగిపోతుంది. లోపల్నుంచి వచ్చే నవ్వుకి కళ్ల చుట్టూ కండరాలు కూడా ముడుచుకుంటాయి. అలా కళ్లతో నవ్వినవాళ్లలో కోపం తక్కువగా, చుట్టూ ఉన్న మనుషులతో సంబంధాలు బాగా కనిపించాయి. అంటే నవ్వు మందని కాదు. రోజూ ఇంత నవ్వాలని ఎవరూ లెక్క పెట్టుకోనక్కర్లేదు. దుఃఖంలో ఉన్న మనిషికి నవ్వు రావడం జబ్బూ కాదు, ద్రోహమూ కాదు, అంతే.

నెదర్లాండ్స్‌లో పనిచేసిన సైకాలజిస్టులు మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో ఇంకో మాట చెప్పారు. మనిషి పోయిన దుఃఖంలో మునగడం, మళ్లీ రోజువారీ బతుకులోకి రావడం, మళ్లీ మునగడం, ఈ రాకపోకలే సహజమని. నేను వార్డులో చూసింది కూడా అదే. ఇరవై నాలుగ్గంటలూ ఏడవడం ఎవరివల్లా కాదు. శరీరమే ఒప్పుకోదు.

ఇక మీ మేనత్త. ఆవిడ మీద కోపం పెట్టుకోవద్దు. మీకు పోయింది నాన్న, ఆవిడకి పోయింది తోబుట్టువు. మీరు నవ్వింది ఆయన మతిమరుపుకి. ఆ మతిమరుపు ఆయనకి పెద్దయ్యాక వచ్చి ఉంటుంది. ఆవిడకి తెలిసిన పిల్లాడికి అది ఉండి ఉండదు. అందుకే ఆ నవ్వులో ఆవిడకి చోటు దొరకలేదు. ఫోన్లో సారీ చెప్పి ఊరుకోకండి. వెళ్లి పక్కన కూర్చుని, "అత్తా, నాన్న చిన్నప్పుడు ఎలా ఉండేవాడు?" అని అడగండి. ఏదో ఒక అల్లరి పని బయటికొస్తుంది. మొదట ఆవిడే నవ్వచ్చు, లేదా ఏడవచ్చు. మీరు ఏదైతే అది ఆవిడతో పాటు చేయండి.

ఇంకో సంగతి. ఆ అలారం రికార్డింగులన్నీ ఈ రోజే వేరే చోట కూడా కాపీ పెట్టుకోండి. ఫోన్లు పాడైపోతాయి.

ప్రశ్న: మా మామగారు పోయినప్పుడు మా ఐదేళ్ల పాపకి "తాతయ్య నిద్రపోయాడు" అని చెప్పాం. ఇప్పుడు అది రాత్రి పడుకోనంటోంది. పైగా అందరి ముందూ "తాతయ్య దగ్గర చార్జర్ ఉందా? ఫోన్ ఎందుకు ఎత్తడు?" అని అడుగుతోంది. మా అత్తగారు బాధపడతారని నోరు మూయిస్తున్నాం. ఏం చెప్పాలి?

జవాబు: మీ పాప పడుకోకపోవడానికి కారణం మీరే రాశారు, చూసుకోండి. నిద్రపోయినవాడు లేవలేదంటే, తను నిద్రపోతే లేస్తుందో లేదోనని దాని భయం. పిల్లలు మాటని మాటగానే తీసుకుంటారు. "దూరం వెళ్లాడు" అంటే ఎప్పుడొస్తాడని ఎదురు చూస్తారు.

"చనిపోయాడు" అనే మాటే వాడండి. "తాతయ్య చనిపోయాడు. అంటే ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది. ఊపిరి తీసుకోడు, ఆకలి వేయదు, నొప్పి ఉండదు, తిరిగి రాడు. నిద్రంటే అది కాదు, నిద్రపోతే పొద్దున లేస్తాం." ఇంత చాలు. ఆ వయసులో చావు శాశ్వతం అన్నది ఒక్కసారి చెబితే ఎక్కదు. పదిసార్లు అడుగుతుంది, పదిసార్లూ అదే మాట చెప్పండి.

చార్జర్ సంగతికి నోరు మూయించకండి. "తాతయ్యకి ఇక ఫోన్ అక్కర్లేదమ్మా. ఫోన్ ఎత్తితే ఏం చెబుదామనుకున్నావు?" అని అడగండి. అది చెప్పేది మీ అత్తగారిని కూడా విననివ్వండి. చార్జర్ మాటకి ఆవిడకి నవ్వొస్తే నవ్వనివ్వండి. ఆయన్ని ఇంకా ఫోన్లో పిలవాలనుకుంటున్నది ఇంట్లో పాప ఒక్కతే అయి ఉండదు.

ప్రశ్న: దుఃఖానికి ఐదు దశలుంటాయంటారు: నమ్మలేకపోవడం, కోపం, బేరమాడటం, కుంగిపోవడం, ఒప్పుకోవడం. మా అన్నయ్య పోయి నాలుగు నెలలు. నాకు కోపం దశ రానేలేదు. నేను మొదటి దశలోనే ఆగిపోయానా?

జవాబు: లేదు. మానసిక వైద్యురాలు ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ 1969లో రాసిన పుస్తకంలో ఆ ఐదూ ఉన్నాయి. ఆవిడ మాట్లాడింది చావుకి దగ్గరపడిన రోగులతో. వాళ్లలో కనిపించిన వాటిని తర్వాత జనం అయినవాళ్లని పోగొట్టుకున్నవాళ్లకి అంటగట్టి, మెట్లలా వరసగా ఎక్కాలన్నట్టు చేశారు. కోపం రాకపోతే రాలేదు, టెన్షన్ పడకండి.

మెల్లమెల్లగా ఇంటిపనీ ఆఫీసుపనీ చేసుకోగలుగుతూ, మధ్యలో కుప్పకూలుతున్నారంటే అది మామూలే. ఆర్నెల్లో ఏడాదో దాటినా రోజులో ఎక్కువసేపు అదే వేదన, ఏ పనీ చేయలేకపోవడం, బతుకు మీద ఆశ లేకపోవడం ఉంటే మాత్రం డాక్టర్‌ని కలవాలి. దాన్ని ఇప్పుడు వైద్యులు వేరే సమస్యగా గుర్తిస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో దానికి కనీసం ఆరు నెలలు అని ఉంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2022లో తన జాబితాలో చేర్చినప్పుడు పెద్దవాళ్లకి ఏడాది అని పెట్టింది. చనిపోవాలనిపిస్తే ఆ గడువుల కోసం ఆగకూడదు, అదే రోజు ఎవరికైనా చెప్పాలి.

ప్రశ్న: ఆఫీసులో నా పక్క సీటు అతని భార్య పోయింది. మేమిద్దరం పొద్దుగూకులూ జోకులేసుకునేవాళ్లం. ఇప్పుడు నాకు నోరు పెగలడం లేదు. మొన్న ఇంకొకతను వాతావరణం తేలిక చేద్దామని చావు మీద ఏదో జోకేస్తే అందరం బిగుసుకుపోయాం. నవ్వు మంచిదని మీరేగా రాశారు?

జవాబు: రాశాను. అయితే ఆ నవ్వు ఎవరి దగ్గర మొదలైందన్నది ముఖ్యం. సూజన్ సిల్క్, బ్యారీ గోల్డ్‌మన్ అనే ఇద్దరు 2013లో ఒక అమెరికన్ పత్రికలో మంచి ఉపాయం రాశారు. మధ్యలో దెబ్బ తిన్న మనిషి పేరు రాసి చుట్టూ ఒక వలయం గీయండి. దాని చుట్టూ ఇంకొకటి, ఇంకొకటి. దగ్గరివాళ్లు లోపలి వలయంలో, దూరపువాళ్లు బయటి వాటిలో. ఓదార్పు లోపలికి వెళ్లాలి, మన బాధా చిరాకూ బయటి వైపే వెళ్లబోసుకోవాలి. జోకు కూడా అంతేనని నా అనుభవం. అది మధ్యలో ఉన్న మనిషి దగ్గర్నుంచి బయటికి రావాలి. బయట ఉన్నవాళ్లం విసిరితే రాయిలా తగులుతుంది.

కాబట్టి అతను వేసేదాకా మీరు జోకు వేయకండి. అలాగని మూగనోము పట్టకండి. "ఏం మాట్లాడాలో తెలీక ఇన్నాళ్లూ దూరంగా ఉన్నాను" అని నేరుగా చెప్పండి. ఆవిడ పేరు పలకండి. పోయినవాళ్ల పేరు ఎవరూ పలకకపోవడం చాలామందికి చావంత కష్టంగా ఉంటుంది. ఏదో ఒక రోజు అతనే ఆవిడ గురించి తమాషా సంగతి చెబుతాడు. అప్పుడు భయపడకుండా నవ్వండి.

ప్రశ్న: మా అమ్మకి కేన్సర్. ఇంక కొన్ని నెలలే అన్నారు, ఆవిడకీ తెలుసు. ఆవిడ ప్రతిదానికీ చావు జోకులేస్తుంది. నిన్న, "నేను పోయాక పాస్‌పోర్ట్ ఫొటో మాత్రం గోడకి పెట్టకురా, అందులో దొంగలా ఉన్నాను" అంది. "అమ్మా, అలాంటి మాటలు అనకు, తథాస్తు దేవతలుంటారు" అని లేచి వచ్చేశాను. నాకు భరించడం రావడం లేదు.
ఒక్కగానొక్క కొడుకు

జవాబు: బాబూ, నీ గుండె ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా వార్డులో ఒక లెక్కల మాస్టారు ఉండేవారు. డాక్టర్ వచ్చి "ఎలా ఉన్నారు?" అంటే రోజూ ఒకటే జవాబు, "ఇంకా ఉన్నాను." ఆ మాట వినగానే ఆయన కూతురు బయటికి వెళ్లిపోయేది. ఒక సాయంత్రం వెళ్లలేదు. మంచం అంచున కూర్చుని, గొంతు వణుకుతుండగానే, "హాజరు వేశాను నాన్నా" అంది. ఆయన నవ్వారు, ఆయాసం వచ్చేదాకా నవ్వారు. నేను దిండు సర్దుతున్నాను. ఆ నవ్వు ఆగాక కూతురి చెయ్యి పట్టుకుని అడిగారు: "రాత్రిపూట ఊపిరాడకపోతే ఎవరొస్తారు?" అన్ని రోజులూ ఆ ప్రశ్న లోపల పెట్టుకుని ఉన్నారు. ఆ రాత్రే డాక్టర్ మందు మార్చారు, పిలవడానికి గంట ఆయన చేతికి అందేలా పెట్టాం.

లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి రోజుల్లో ఉన్న రోగుల్ని చూసుకునే చోటు) మొదలుపెట్టిన డాక్టర్ సిసిలీ సాండర్స్ "సంపూర్ణ వేదన" అనేవారు. ఒంటి నొప్పితో పాటు భయం, ఇంటివాళ్ల దిగులు, నా బతుక్కి అర్థమేమిటన్న ప్రశ్న, అన్నీ కలిసిందే ఆ వేదన అని. ఒంటి నొప్పికి మందుంది. మిగతావి బయటికి రావాలంటే వినే మనిషి కావాలి. మీ అమ్మ జోకు వేసి, నువ్వు వింటావా లేదా అని చూస్తోంది. నువ్వు లేచి వెళ్లిపోతే, నీకు బాధ కలుగుతుందని ఇంకోసారి ఆ మాట ఎత్తదు. నీ ముందు ధైర్యంగా ఉండాల్సిన పని కూడా ఆవిడ నెత్తినే పడుతుంది.

నీకు జోకు రాకపోతే వేయనక్కర్లేదు. ఏడుస్తూనే, "సరే అమ్మా, మరి ఏ ఫొటో పెట్టమంటావు?" అను. ఫోన్లో ఫొటోలు తెరిచి ఆవిడ పక్కన కూర్చో. ఒక్కో ఫొటో వెనకా ఒక్కో కథ ఉంటుంది, తొందరపెట్టకు. మధ్యలో ఎక్కడో అడగాల్సినవి కూడా అడుగు: హాస్పిటల్లో ఉండాలనుందా, ఇంట్లోనా? ఊపిరికి మెషీన్ పెట్టాల్సి వస్తే కావాలా, వద్దా? ఆవిడ మాట్లాడలేని రోజున ఎవరు నిర్ణయించాలి? ఆవిడ చెప్పింది అక్కడే కాగితం మీద రాసి డాక్టర్‌కి చూపించు. ఇవన్నీ ఒక్కరోజులో తేలవు. అలసిపోతే ఆపేసి మళ్లీ ఫొటోలు చూడండి.

ఆవిడ ఎంచినదాన్ని పెద్దది చేయించు. ఆ పాస్‌పోర్ట్ ఫొటోని మాత్రం డిలీట్ చేయకు. గోడకి పెట్టొద్దంది కదా, పర్సులో పెట్టుకో.