నలుపు-తెలుపు స్లైడ్లు (ప్రొజెక్టర్‌లో చూసే పాజిటివ్ ఫిల్మ్ బొమ్మలు) ఇప్పటికీ తీయొచ్చా? ఏ ఫిల్మ్, ఏ ప్రాసెసింగ్?

తీయొచ్చు: ఫోమాపాన్ ఆర్100 ఇందుకోసమే తయారైన ఫిల్మ్, ఇల్ఫర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్ లాంటి మామూలు నెగెటివ్ ఫిల్మ్‌తోనూ పనవుతుంది, కాకపోతే రివర్సల్ ప్రాసెసింగ్ చేయించాలి.

మామూలు డెవలపింగ్‌లో వెలుగు పడ్డచోట వెండి నల్లగా తేలి నెగెటివ్ వస్తుంది. రివర్సల్‌లో ఆ వెండిని బ్లీచ్‌తో కరిగించేస్తారు. మిగిలిన వెండి లవణానికి వెలుగు చూపించి రెండోసారి డెవలప్ చేస్తే అదే ఫిల్మ్ మీద పాజిటివ్ వస్తుంది. తెల్లగోడ ముందు నల్లగొడుగు ఉందనుకోండి. మొదటి డెవలపర్‌లో గోడ నల్లబడుతుంది, బ్లీచ్‌లో ఆ నలుపంతా పోయి ఫిల్మ్ గాజులా తేటపడుతుంది, రెండో డెవలపర్‌లో గొడుగు నల్లగా తేలుతుంది. ఇంట్లో చేసేవాళ్లు జాగ్రత్త, బ్లీచ్‌లో సాధారణంగా సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉంటుంది. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి.

స్లైడే కదా, ఈ-6 ల్యాబ్‌కి ఇస్తే చాలని చాలామంది పొరబడతారు. ఈ-6 అనేది రంగుల స్లైడ్ ఫిల్మ్‌ని డెవలప్ చేసే పద్ధతి. అందులో చివరికి వెండి మొత్తం పోయి రంగులే మిగులుతాయి. నలుపు-తెలుపు ఫిల్మ్‌లో రంగు పుట్టించే పదార్థమే లేదు కాబట్టి బొమ్మ లేని ఖాళీ ఫిల్మ్ చేతికొస్తుంది. అందుకే ల్యాబ్‌ని ‘బ్లాక్ అండ్ వైట్ రివర్సల్ చేస్తారా’ అనే అడగండి.