నుదుటి మీద గడ్డ తీయించుకోవచ్చా?

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 34 ఏళ్లు. నుదుటి మీద ఎడమ పక్క రేగుపండంత గడ్డ ఎన్నో ఏళ్లుగా ఉంది. నొప్పి లేదు గానీ హెల్మెట్ పెట్టుకుంటే ఒరుసుకుంటోంది. కత్తి పెడితే క్యాన్సరవుతుందని మా మామ భయపెడుతున్నాడు. ఏం చేయమంటారు?
– ఓ పాఠకుడు, పొదిలి

జవాబు: ముందు ఆ టెన్షన్ వదిలేయండి. కత్తి తగిలినంత మాత్రాన మామూలు గడ్డ క్యాన్సర్ కాదు. మెత్తగా కదిలితే లైపోమా అనే కొవ్వు గడ్డ, మధ్యలో నల్లచుక్క ఉంటే చర్మం కింద సంచీలా ఏర్పడే తిత్తి (సిస్ట్), రాయిలా కదలకుండా ఉంటే ఎముక మీద పెరిగే ఆస్టియోమా కావచ్చు. అయితే నుదుటి దగ్గర ఓ తిరకాసుంది, కొవ్వు గడ్డ చాలాసార్లు కండరం కింద ఉంటుంది కాబట్టి అదీ గట్టిగానే తగులుతుంది, అందుకే అల్ట్రాసౌండ్, అవసరమైతే సీటీ స్కాన్ తీస్తారు.

ఒంగోలులోనో నెల్లూరులోనో ప్లాస్టిక్ సర్జన్‌కి చూపించండి. చాలావరకు ఆ చోట మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, నుదుటి ముడత వెంబడే కోసి తీసేస్తారు, అదే రోజు ఇంటికెళ్లిపోవచ్చు. తిత్తి అయితే సంచీతో సహా రావాలి, లేదంటే మళ్లీ పెరుగుతుంది (సూదితో గుచ్చి పిండే పని మాత్రం పెట్టుకోకండి, చీము పట్టొచ్చు). కుట్లు వారంలోపు విప్పుతారు. నెత్తి మీద కొన్నాళ్లు తిమ్మిరి ఉండొచ్చు. తీసిన ముక్కని బయాప్సీకి, అంటే అదేం గడ్డో తేల్చే ల్యాబ్ పరీక్షకి పంపమని అడగండి. మచ్చ నల్లబడకుండా కొన్ని నెలలు ఎండ తగలనీయకండి, మన ప్రకాశం ఎండలు తెలిసిందే కదా. గడ్డ ఉన్నట్టుండి పెరిగినా, పుండు పడినా ఆలస్యం చేయొద్దు.