ఎండాకాలంలో 15 వేలతో దానం చేయాలంటే అన్నదానమా, చలివేంద్రమా, సంస్థకు విరాళమా?

చలివేంద్రానికే పెట్టండి. కానీ ఉగాదికి చలివేంద్రం తెరిచి, కొబ్బరికాయ కొట్టి, ఫ్లెక్సీ కట్టి, ఫొటోలు దిగి వెళ్లిపోయేవాళ్లు వరంగల్‌లో గల్లీకొకరున్నారు. ఎండలు ముదిరే మే నెలలో చూస్తే అక్కడి రంజన్లు (నీళ్ల మట్టికుండలు) మూతలు పోయి, అడుగున పాచి పట్టి ఉంటాయి. పైసలన్నీ పందిరికి, ఫ్లెక్సీకే అయిపోతాయి. రోజూ నీళ్లు పోసే మనిషికి ఎవరూ పక్కన పెట్టరు.

పక్కనున్న చాయ్ డబ్బా ఆయనతోనో, పండ్లమ్మే ఆమెతోనో మాట్లాడుకోండి. నెలకు 3,000 చొప్పున ఏప్రిల్, మే రెండు నెలలకు 6,000. రోజుకు 20 లీటర్ల క్యాన్లు ఐదు, క్యాన్‌కు 20 రూపాయలు లెక్కేసుకున్నా 60 రోజులకు ఇంకో 6,000. అంటే రోజూ 100 లీటర్లు, దాదాపు 500 గ్లాసులు. మిగిలిన 3,000తో రంజన్లు, ఇసుక, గోనెసంచులు, స్టీలు గ్లాసులు. నల్లా లేని రంజన్ కొనొద్దు. వచ్చినవాళ్లందరూ గ్లాసు ముంచితే మధ్యాహ్నానికే నీళ్లు తాగేటట్టుండవు.

కొత్త రంజన్‌ను ఒక రోజంతా నింపి పెట్టి పారబోయాలి. మట్టివాసన తగ్గుతుంది, కారేదుంటే అప్పుడే తెలుస్తుంది. గాలాడే నీడలో ఇసుక పోసి దానిమీద పెట్టి, చుట్టూ గోనెసంచి కట్టి పొద్దున, మధ్యాహ్నం తడపాలి. పోయినేడాది రంజనే తెచ్చి నీళ్లు చల్లబడట్లేదంటారు. బోరునీళ్ల ఉప్పు పేరుకుని మట్టిలోని సన్న రంధ్రాలు మూసుకుపోతే నీళ్లు బయటికి చెమర్చవు. ఆ చెమ్మ ఆరితేనే కదా లోపల చల్లబడేది! రెండు రోజులకోసారి కొబ్బరిపీచుతో తోమించండి. సబ్బు వద్దు, దాని వాసన మట్టికి పట్టేస్తుంది.

హన్మకొండ చౌరస్తా వదిలేయండి, అక్కడ పెట్టేవాళ్లు చాలామంది. ములుగు, నర్సంపేట వైపు బస్సులకు, ఆటోలకు జనం ఎండలో నిలబడే మూలలు చూడండి.

అన్నదానమే కావాలంటే ఎంజీఎం ఆసుపత్రి దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లకు పెట్టండి, కానీ పండుగ రోజు కాదు, మామూలు మంగళవారం రాత్రి. ఈ ఎండలకు పెరుగన్నం తొందరగా పులుస్తుంది, పులిహోర నిలుస్తుంది. సంస్థకైతే ఆన్‌లైన్‌లో పంపి రసీదు తీసుకోండి. నగదు 2,000 దాటితే పన్ను మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఎలాగూ రాదు.

చాయ్ డబ్బా ఆయనకు మాత్రం డబ్బంతా ఒకేసారి ఇవ్వకండి. వారం వారం వెళ్లి ఇస్తే రంజన్లు ఎట్లున్నాయో మీ కళ్లతోనే చూసుకోవచ్చు.